డ్రాఫ్ట్ ముందు కుర్రాళ్ళకి ర్యాంకులు ఎలా వేస్తానంటే

2025 మే నెలలో ఒకరోజు తెల్లారకముందే మా బామ్మర్ది ఫోన్. వాడుండేది ఫ్రిస్కోలో, డాలస్ పక్కనే. ఆ టైంలో ఫోన్ వస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది కదా, ఎత్తగానే "బావా, వచ్చేసింది బావా, మనకే వచ్చేసింది ఫస్ట్ పిక్" అని అరుస్తున్నాడు. 1.8 శాతం ఛాన్స్ ఉన్న మావెరిక్స్‌కి, అంటే వాళ్ళ డాలస్ బాస్కెట్‌బాల్ టీంకి, లాటరీ తగిలింది. ఆ ఫిబ్రవరిలో టీం స్టార్ లూకా డాంచిచ్‌ని లేకర్స్ టీంకి పంపేశాక వాడు టీవీ పెట్టడమే మానేశాడు, పిల్లాడి లూకా జెర్సీ కూడా బీరువాలో పైఅరలో పెట్టించేశాడు, అలాంటోడు మళ్ళీ అంత సంతోషంగా మాట్లాడటం విని నాక్కూడా నిద్ర ఎగిరిపోయింది. ఓ పది నిమిషాలయ్యాక అడిగాడు, "కూపర్ ఫ్లాగ్ ఫస్ట్ అని అందరికీ తెలుసులే బావా, రెండు నుంచి ముప్పై దాకా నువ్వేదో లిస్ట్ వేస్తావు కదా ప్రతి ఏడాదీ, అసలేం చూసి వేస్తావు?" రాసి పంపుతా అన్నా. ఇన్నాళ్ళకి కుదిరింది.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎన్‌బీఏ అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్, అందులో 30 టీములు. కొత్త కుర్రాళ్ళని టీములు వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్, ఒక్కో వంతు ఒక పిక్, మొత్తం రెండు రౌండ్లు. ముందు వంతులు ఎవరికో తేల్చడానికి, 2025 నాటి రూల్ ప్రకారం, ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ పోటీలకి) వెళ్ళని 14 టీములకి లాటరీ తీశారు, అందరికంటే అడుగున ఉన్న మూడు టీములకీ ఫస్ట్ పిక్ వచ్చే ఛాన్స్ తలా 14 శాతం. కుర్రాడికి ఆ క్యాలెండర్ ఏడాదిలో 19 నిండాలి, అందుకే చాలామంది ఒక్క ఏడాది కాలేజీలో ఆడి వచ్చేస్తారు. అంటే మనం చూసేది మహా అయితే ముప్పై చిల్లర మ్యాచ్‌లు. ఆ ముప్పై మ్యాచ్‌లు చూసి, వీడు ఇరవై ఐదేళ్ళ వయసులో ఎలా ఉంటాడో చెప్పాలి. కష్టమంతా అక్కడే ఉంది.

నేను 2017 నుంచి ఎక్సెల్‌లో లిస్ట్ పెట్టుకుంటున్నా. ఫస్ట్ ఏడాదే పెద్ద తప్పు చేశా, నేర్చుకున్నది కూడా ఎక్కువ దానివల్లే, అందుకే అది వివరంగా చెప్తా.

ఆ ఏడాది మార్కెల్ ఫల్ట్జ్‌ని ఒకటో నంబర్లో పెట్టా. ప్రపంచమంతా అక్కడే పెట్టింది, ఫిలడెల్ఫియా అయితే మూడో పిక్‌తో పాటు ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్ కూడా బోస్టన్‌కి ఇచ్చి మరీ ఒకటో స్థానానికి ఎక్కింది అతని కోసం. వాషింగ్టన్ యూనివర్సిటీలో ఫల్ట్జ్ మ్యాచ్‌కి 23 పాయింట్లు, త్రీ పాయింటర్లు (దూరపు గీత అవతల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 41.3 శాతం పడ్డాయి. బోస్టన్ మూడులో తీసుకున్న జేసన్ టేటమ్ డ్యూక్ యూనివర్సిటీలో త్రీలు 34.2 శాతం. ఇంకేముంది, ఫల్ట్జే మంచి షూటర్ అని రాసేసుకున్నా. ఫ్రీ త్రోల (ఫౌల్ అయితే ఎవరూ అడ్డం లేకుండా వేయనిచ్చే షాట్ల) కాలమ్ నా షీట్లో ఉంది, నింపా కూడా, కానీ చూడలేదు. ఫల్ట్జ్ 64.9. టేటమ్ 84.9. సరిగ్గా ఇరవై తేడా. టేటమ్ స్టార్ అయ్యాడు, ఫల్ట్జ్ కాలేకపోయాడు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. కాలేజీలో ఒక సీజన్‌లో ఇలాంటి కుర్రాడు ప్రయత్నించే త్రీలు ఓ 120 ఉంటాయి. 120లో 34 శాతానికీ 41 శాతానికీ తేడా ఎన్ని షాట్లు? ఎనిమిది. సీజన్ మొత్తంలో ఎనిమిది బంతులు రిమ్ మీద తిరిగి బయటికి పడకుండా లోపలికి పడితే ఆ 34 కాస్తా 41 అయిపోతుంది. ఇంకోలా చెప్పాలంటే, నిజంగా 35 శాతం కొట్టగలిగే వాడు 120 షాట్లు వేస్తే, ఒక సీజన్ 27 రావచ్చు, ఇంకో సీజన్ 43 రావచ్చు, రెండూ మామూలే. అంటే ఆ కాలమ్‌లో కనపడేది సగం అదృష్టం. పైగా అప్పట్లో కాలేజీ త్రీ లైన్ 20 అడుగుల 9 అంగుళాలు, ఎన్‌బీఏలో కార్నర్లు వదిలేస్తే 23 అడుగుల 9 అంగుళాలు, అంటే మూడడుగులు వెనక్కి. ఫ్రీ త్రో మాత్రం అక్కడా 15 అడుగులే, ఇక్కడా 15 అడుగులే, ఎదురుగా చెయ్యి పెట్టేవాడు లేడు, హడావిడి లేదు, వట్టి చెయ్యి, మణికట్టు, బంతి. అందుకే కుర్రాడి చేతిలో షాట్ ఉందా లేదా అనేది త్రీల శాతం కంటే ఫ్రీ త్రోలే ముందు చెప్తాయి. వందకి పైగా ఫ్రీ త్రోల మీద ఇరవై శాతం తేడా అదృష్టం వల్ల రాదు.

ఫల్ట్జ్ విషయంలో ఒకటి మాత్రం న్యాయంగా చెప్పాలి, తర్వాత భుజం దగ్గర నరాలు నొక్కుకుపోయే సమస్య ఉందని 2018 డిసెంబర్లో బయటపడింది, ఆ కుర్రాడి షాట్ పాడవడానికి అదీ కారణమే, కాబట్టి మొత్తం ఫ్రీ త్రోల మీదికి నెట్టేయడం తప్పు. కానీ అదే ఏడాది రెండో పిక్ లాంజో బాల్‌ని చూడండి, యూసీఎల్‌ఏలో త్రీలు 41.2, ఫ్రీ త్రోలు 67.3, ఎన్‌బీఏ మొదటి ఏడాది త్రీలు 30.5 కి పడిపోయాయి. ఇటు పక్క టైరీస్ మాక్సీ, కెంటకీలో త్రీలు 29.2 అని చూసి 2020లో 21 దాకా ఎవరూ ముట్టుకోలేదు, ఫ్రీ త్రోలు 83.3 ఉన్నాయి అక్కడ కళ్ళ ముందే. కవై లెనర్డ్ కూడా అంతే, శాన్‌డియాగో స్టేట్‌లో త్రీలు 29, ఫ్రీ త్రోలు 76, పదిహేనో పిక్. ఇద్దరూ తర్వాత స్టార్లే అయ్యారు. కాబట్టి ఇప్పుడు నా షీట్లో షూటింగ్ దగ్గర ఫస్ట్ కాలమ్ ఫ్రీ త్రో, రెండోది ఎన్ని త్రీలు వేయడానికి ధైర్యం చేశాడు అనేది, మూడోది మాత్రమే శాతం. అంత మాత్రాన ఇదే వేదం అనుకోకండి, ఫ్రీ త్రోలు బాగా కొట్టీ త్రీలు రాని వాళ్ళు ఉన్నారు. కానీ ఒక్క నంబర్ చూసుకునే టైమే ఉంటే ఇది చూడండి.

ఇక నేను అన్నిటికంటే ఎక్కువ టైం పెట్టేది నంబర్ లేని పని. బుర్ర. బంతి చేతికి వచ్చాక ఏం చేయాలో ఎంత త్వరగా తెలుస్తోంది అనేది.

ఒక హాఫ్ పూర్తిగా ఒక్కడినే చూస్తా. బంతి ఎటు పోయినా సరే నా కళ్ళు వాడి మీదే. పక్కన పాత లాంగ్‌బుక్ ఒకటి పెట్టుకుని మూడు గళ్ళు గీస్తా: టైంకి, లేటు, తప్పు. వాడికి బంతి అందిన ప్రతిసారీ ఆపి వెనక్కి తిప్పి చూసి ఒక గీత. ఉదాహరణకి పిక్ అండ్ రోల్ ఆడుతున్నాడు, అంటే సొంత టీం పెద్దోడు డిఫెండర్‌కి అడ్డంగా నిలబడ్డాడు (అదే స్క్రీన్), మనోడు ఆ స్క్రీన్ దాటాడు, పెద్దోడు రిమ్ వైపు పరిగెడుతున్నాడు. అప్పుడు అవతలి కార్నర్లో కాపలా ఉన్న డిఫెండర్ ఆ పెద్దోడిని ఆపడానికి ఒక అడుగు లోపలికి వేస్తాడు. ఆ అడుగు నేల మీద పడేలోపే కార్నర్‌కి పాస్ వెళ్ళిపోతే టైంకి. అడుగు పడ్డాక చూసి, బంతి ఒకసారి నేలకి కొట్టి, అప్పుడు వేస్తే లేటు. పాస్ అందుతుంది, స్కోర్ కూడా అవ్వచ్చు, కామెంటేటర్ మంచి పాస్ అంటాడు కూడా, నా బుక్కులో మాత్రం లేటే, ఎందుకంటే ఎన్‌బీఏలో ఆ డిఫెండర్ చేతులు ఇంకో అర అడుగు పొడుగు, వాడు వెనక్కి తిరిగి వచ్చేస్తాడు. ఇలా నాలుగైదు మ్యాచ్‌లు చూస్తే ఒక కుర్రాడికి నూటయాభై గీతలు వస్తాయి, అప్పటికి వాడెవడో మనకి తెలిసిపోతుంది.

ఈ పని నేను మొదలుపెట్టింది 2020 డ్రాఫ్ట్ తర్వాత. ఆ ఏడాది జేమ్స్ వైజ్‌మన్‌ని రెండులో పెట్టా, ఏడడుగుల మనిషి, ఏడున్నర అడుగుల చేతులు, పరిగెడితే గుర్రం. కాలేజీలో ఆడింది మాత్రం మెంఫిస్‌కి మూడే మూడు మ్యాచ్‌లు. మూడు మ్యాచ్‌లలో బుర్ర గురించి మనకేం తెలుస్తుంది? ఏమీ తెలియనప్పుడు నేను మంచే జరుగుతుందని రాసుకున్నా, అది జరగలేదు. అదే లిస్టులో టైరీస్ హాలిబర్టన్‌ని పద్నాలుగులో పెట్టా, షాట్ కొట్టే తీరు వంకరగా ఉందని. అయోవా స్టేట్‌లో త్రీలు 41.9, ఫ్రీ త్రోలు 82, మ్యాచ్‌కి ఆరున్నర అసిస్టులు (స్కోర్ అయ్యేలా ఇచ్చిన పాస్‌లు), రెండున్నర స్టీల్స్ (అవతలి వాళ్ళ నుంచి లాక్కున్న బంతులు), అన్నీ కాగితం మీద ఉన్నాయి. బంతి వంకరగా వదిలినా వెళ్ళి నెట్‌లో పడుతోంది కదా అని ఆలోచించలేదు. పన్నెండులో శాక్రమెంటో తీసుకుంది, తర్వాత ఇండియానాకి వెళ్ళి 2025లో ఆ టీమ్‌ని ఫైనల్స్ ఏడో మ్యాచ్ దాకా లాక్కెళ్ళాడు. ఆ సిరీస్ చూస్తున్నంతసేపూ నాకు నా పద్నాలుగో లైనే గుర్తొచ్చింది.

స్టీల్స్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, స్టీల్స్‌నీ బ్లాక్స్‌నీ (అవతలోడి షాట్‌ని గాల్లోనే ఆపడం) డిఫెన్స్ లెక్కగా కాకుండా బుర్ర లెక్కగా చూడటం అలవాటు చేసుకోండి. పాస్ ఎటు వెళ్తుందో ముందే కనిపెట్టిన వాడికే చెయ్యి అడ్డం పడుతుంది. ఫ్లాగ్ డ్యూక్‌లో మ్యాచ్‌కి 19 పాయింట్లు కొట్టాడని అందరూ చెప్పుకున్నారు, నాకు నచ్చింది మాత్రం 1.4 స్టీల్స్, 1.4 బ్లాక్స్ రెండూ ఒకే కుర్రాడికి ఉండటం. అదీ సీజన్ మొత్తం 17, 18 ఏళ్ళ వయసులో, తనకంటే నాలుగేళ్ళు పెద్దోళ్ళ మధ్య.

వయసు దగ్గర చాలామంది పొరబడతారు. 18 ఏళ్ళ వాడు 15 పాయింట్లు కొట్టడం, 22 ఏళ్ళ వాడు 20 కొట్టడం పక్కపక్కన పెడితే నేను మొదటోడినే తీసుకుంటా, మనూళ్ళో తొమ్మిదో క్లాసు పిల్లాడు డిగ్రీ వాళ్ళతో సమానంగా ఆడుతుంటే ఎలా చూస్తామో అలాగ. కానీ ఇదీ గుడ్డిగా పట్టుకోకూడదు. జేలెన్ బ్రన్సన్ విలనోవాలో మూడేళ్ళు ఆడి, రెండు టైటిళ్ళు కొట్టి, 21 దాటాక వచ్చాడని, పైగా పొట్టి అని 2018లో 33 దాకా వదిలేశారు. వయసు అనేది ఎదగడానికి ఎంత చోటు ఉందో చెప్తుంది, ఇప్పటికే ఎంత ఎదిగాడో దాన్ని కొట్టేయదు.

వయసుతో పాటు చూడాల్సింది, టీములో వాడికి ఏ పని ఇచ్చారు అని. డెవిన్ బుకర్ కెంటకీలో ఒక్క మ్యాచ్ కూడా స్టార్ట్ చేయలేదు, బెంచ్ మీద నుంచి వచ్చి పది పాయింట్లు, పదమూడో పిక్. షే గిల్జస్ అలెగ్జాండర్ అక్కడి నుంచే, పదకొండు. బామ్ అడెబాయో, పద్నాలుగు. మాక్సీ, ఇరవై ఒకటి. నలుగురూ తర్వాత స్టార్లే అయ్యారు. ఆ కాలేజీలో అయిదుగురు ఆరుగురు స్టార్లు ఒకే బంతిని పంచుకునేవాళ్ళు, అక్కడ పది పాయింట్లంటే ఇంకో చోట ఇరవై. ఒకసారి జరిగితే పొరపాటు అనుకోవచ్చు, అదే కాలేజీ నుంచి మళ్ళీ మళ్ళీ జరిగిందంటే మనం చూసే పద్ధతిలోనే లోపం ఉందన్నమాట.

అలాగే ఏ స్థాయిలో ఆడాడు అనేది కూడా. డాంచిచ్ 19 ఏళ్ళకి రియల్ మాడ్రిడ్‌తో యూరోలీగ్ గెలిచి, ఆ లీగ్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) కూడా అయ్యి వచ్చాడు. అక్కడ ఆడేది పెళ్ళాం పిల్లలున్న ముప్పై ఏళ్ళ ప్రొఫెషనల్స్‌తో. అయినా పరుగు లేదు, ఎగరడు అని మూడులోకి జారాడు. ముందు ఇద్దరు డియాండ్రే ఏటన్, మార్విన్ బాగ్లీ.

శరీరం కొలతల గురించి నాకు కొంచెం కోపం ఉంది, కారణం చెప్తా. గుంటూరులో మా స్కూల్లో ఎనిమిదో తరగతిలో బాస్కెట్‌బాల్ టీం సెలక్షన్ అంటే మా పీఈటీ సార్ అందర్నీ ఎత్తు ప్రకారం లైన్లో నిలబెట్టి, ముందు పన్నెండు మందిని ఇటు రమ్మని, మిగతా వాళ్ళని ఖోఖోకి పంపేశారు. బంతి ఒక్కసారి కూడా చేతికివ్వలేదు. మా క్లాసులో పొట్టిగా ఉండే ఒకడు ఇంటర్వెల్లో ఆడుతుంటే మేము పరిగెత్తే చోటికి మాకంటే ముందు బంతి వచ్చేసేది, వాడు లైన్లో చివర్నుంచి రెండోవాడు. పన్నెండు మందిలో నేనున్నా. వాడు లేడు. ఆ ఏడాది మండలం దాటలేదు మేము.

అలాగని కొలతలు వద్దనను. చికాగోలో మేలో జరిగే కంబైన్‌లో, అంటే డ్రాఫ్ట్ ముందు కుర్రాళ్ళ కొలతలు తీసి పరీక్షించే చోట, ఎత్తు కంటే వింగ్‌స్పాన్ ముఖ్యం, రెండు చేతులూ బారగా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి ఎంత అని. కవై ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు, చేతులు ఏడడుగుల మూడు. డ్రేమండ్ గ్రీన్ పొట్టి అన్నారు, చేతులు ఏడడుగుల పైమాటే, 35వ పిక్. డిఫెన్స్‌లో అడ్డం పడేది తలకాయ కాదు, చెయ్యి. కానీ బలం అనేది పెరిగే వస్తువు, దానికి మార్కులు తగ్గించకూడదు. కెవిన్ డ్యురాంట్ 2007 కంబైన్‌లో 185 పౌండ్ల బరువు ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు, ఆ తర్వాత ఏం చేశాడో అందరికీ తెలుసు. యానిస్ అంటెటోకుంపో 18 ఏళ్ళకి గ్రీస్ సెకండ్ డివిజన్‌లో సన్నగా రివటలా ఉండేవాడు, డ్రాఫ్ట్ అయ్యాక కూడా ఎత్తు పెరిగాడు. చేతుల పొడవు నేర్పలేం, జిమ్ నేర్పొచ్చు.

ఇక్కడ సత్నాం సింగ్ గురించి చెప్పకుండా ఉండలేను. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లె నుంచి లూధియానా అకాడమీకి, అక్కడి నుంచి ఫ్లోరిడాలో ఐఎంజీ అకాడమీకి, ఏడడుగుల రెండంగుళాలు. 2015లో 52వ పిక్‌గా డాలసే తీసుకుంది, మన దేశంలో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు. ఆ రోజు నేను ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచా. కానీ ఎన్‌బీఏ సీజన్లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. అదే నెలలో గోల్డెన్ స్టేట్ ఫైనల్స్‌లో పెద్ద సెంటర్‌ని పక్కన కూర్చోబెట్టి చిన్న టీంతో టైటిల్ కొట్టింది. ఆట అప్పుడే మారిపోతోంది, ఎత్తున్నవాడు త్రీ లైన్ దాకా వచ్చి చురుకైన గార్డ్‌కి ఎదురు నిలబడాల్సిన రోజులు వచ్చాయి. ఇదే మనిషి ఇరవై ఏళ్ళ ముందు వచ్చుంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. కుర్రాడిని చూసేటప్పుడు ఆట ఎటు వెళ్తోందో కూడా చూడాలి అని నాకు అర్థమైంది అతని వల్లే.

ఇవన్నీ పెట్టుకుని లిస్ట్ ఎలా వేస్తానంటే, ముందు నంబర్లు వేయను. మెట్లు వేస్తా. ఒక్కో కుర్రాడి దగ్గర ఒకటే ప్రశ్న, ఇలాంటి కుర్రాళ్ళు పది మంది ఉంటే అందులో ఎంతమంది స్టార్ అవుతారు, ఎంతమంది స్టార్టర్, ఎంతమంది నాలుగేళ్ళలో లీగ్ బయట ఉంటారు. ఒకే రకం జవాబు వచ్చిన వాళ్ళంతా ఒక మెట్టు. 2023లో విక్టర్ వెంబన్యామా ఒక్కడే పై మెట్టు, కింద రెండు మెట్లు ఖాళీగా వదిలేయాల్సి వచ్చింది. 2013లో పై మెట్టు మీద ఎవడూ లేడు, కానీ డ్రాఫ్ట్‌లో ఒకటో పిక్ అనేది ఎవడో ఒకడికి పోవాలి కాబట్టి ఆంథనీ బెనెట్‌కి పోయింది. నంబర్ మాత్రమే చూస్తే ఈ రెండు ఒకట్లూ ఒకేలా కనపడతాయి. పన్నెండుకీ ఇరవైకీ మధ్య అయితే తేడా చాలా ఏళ్ళలో దాదాపు ఉండదు, అక్కడ గంటలు గంటలు తలబద్దలు కొట్టుకోవడం అనవసరం.

టీంకి ఏ పొజిషన్ కావాలి అనే మాట ఒక మెట్టు లోపలే వినాలి, మెట్టు దాటించి వినకూడదు. 1984లో పోర్ట్‌లాండ్‌కి అదే పొజిషన్లో క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడని మైకేల్ జోర్డన్‌ని వదిలి శామ్ బోవీని తీసుకున్నారు. 2018లో శాక్రమెంటోకి బంతి నడిపే గార్డ్‌గా డియారన్ ఫాక్స్ ఉన్నాడు, రెండో పిక్ చేతిలో పెట్టుకుని డాంచిచ్‌ని వదిలేశారు. అప్పటి టీం అవసరం రెండేళ్ళలో మారిపోతుంది, కుర్రాడు పదిహేనేళ్ళు ఆడతాడు.

ఇంకోటి, బయటి మాక్ డ్రాఫ్ట్‌లు చూడకముందే మన లిస్ట్ ఒకటి రాసి తేదీ వేసి పెట్టుకోవాలి. మాక్ డ్రాఫ్ట్ అంటే టీములు ఎవర్ని తీసుకుంటాయో ఊహ, మన లిస్ట్ అంటే ఎవడు మంచివాడో మన నమ్మకం, రెండూ వేరు. ఒకసారి వాళ్ళ నంబర్ చూశామా, మనకి తెలియకుండానే మన కళ్ళు అటే లాగుతాయి, 2017లో నాకు జరిగింది అదే. పేరు పక్కన "ఎందుకు" అని ఒక గడి పెట్టి రెండు లైన్లు రాయండి, మూడేళ్ళ తర్వాత తెరిచి చూస్తే మనం సరిగ్గా ఆలోచించి తప్పామా, అదృష్టం కొద్దీ నెగ్గామా తెలుస్తుంది. మెడికల్ రిపోర్టులు, ఇంటర్వ్యూలు మనకి అందవు, 2007లో ఒకటో పిక్ అయ్యి మోకాళ్ళ గాయాలతో దెబ్బతిన్న గ్రెగ్ ఓడెన్ మోకాళ్ళు ఎలాంటివో మనలాంటి వాళ్ళు టీవీలో చూసి చెప్పలేరు, కాబట్టి అక్కడ తప్పితే బాధపడక్కర్లేదు.

ఈసారి బామ్మర్దికి లిస్ట్ వెంటనే పంపలేదు. ముందు నువ్వు ఒక హాఫ్ చూడరా, మూడు గళ్ళు గీసి పంపు అన్నా. మొన్న ఆదివారం పిల్లాడి హోంవర్క్ బుక్ వెనక పేజీ ఫోటో తీసి పెట్టాడు: టైంకి పదకొండు, లేటు నాలుగు, తప్పు మూడు. అదే కుర్రాడు, అదే మ్యాచ్, అదే హాఫ్ నేను కూడా చూశా, నా బుక్కులో లేటు ఏడు. ఏ మూడు దగ్గర తేడా వచ్చిందో రాత్రి వీడియో కాల్‌లో ఒక్కో ప్లే ఆపి ఆపి చూశాం, రెండు నావి తప్పు, నేనే తొందరపడి గీత పెట్టేశా. మూడోది మాత్రం ఇప్పటికీ తేలలేదు, వాడు ఆ కుర్రాడు రెండో మెట్టు అంటాడు, నేను మూడో మెట్టు దగ్గరే ఉన్నా, ఇంకో మ్యాచ్ చూద్దాం అన్నాడు.